ఆగమన్నాక ఆగిందా లేదా? ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌ను ఆపే సాధనం: ఒక కేస్ స్టడీ

ఎమ్యులేటర్ అంటే కంప్యూటర్ మీద ఆండ్రాయిడ్ ఫోనును అనుకరించే ప్రోగ్రాము. మా యాప్ మీద రాత్రి నడిచే పరీక్షలు ముగిశాక నాలుగు ఎమ్యులేటర్లను ఆపడానికి మా దగ్గర ఎనిమిది వరుసల స్క్రిప్టు ఒకటి ఉండేది. అది చేసే పనులు మూడే. నడుస్తున్న ప్రతి ఎమ్యులేటర్‌కూ ఏడీబీ (కంప్యూటర్‌నుంచి ఆండ్రాయిడ్ పరికరంతో మాట్లాడే సాధనం) ద్వారా ‘ఎము కిల్’ అనే ఆదేశం పంపేది. అయిదు సెకన్లు వేచి ఉండేది. ఆ తర్వాత పేరులో ‘క్యూఎము’ (ఎమ్యులేటర్‌కు ఆధారమైన ప్రోగ్రాము) అని ఉన్న ప్రతి ప్రాసెస్‌నూ, అంటే నడుస్తున్న ప్రోగ్రామునూ, 9వ నంబరు సిగ్నల్‌తో, అంటే బలవంతంగా ముగించే సూచనతో, చంపేసేది. ఈ మూడు పనుల్లో ఒక్కోదానిలో ఒక్కో తప్పుంది. వాటిని ఎలా కనుక్కున్నామో, ఆ స్క్రిప్టు స్థానంలో ఒక చిన్న సాధనాన్ని ఎలా రాసుకున్నామో, రాశాక కూడా ఎక్కడ పొరబడ్డామో ఇక్కడ వివరంగా చెబుతాను. ఎమ్యులేటర్‌ను వేగంగా ప్రారంభించడం గురించి అందరం మాట్లాడుకుంటాం. ఆపడం గురించి మాత్రం, అది ఒక ఆదేశంతో తీరిపోయే పనే కదా అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

లక్షణం ఒకచోట, జబ్బు మరోచోట

మొదట మా కంటబడింది ఆపడంలోని లోపం కాదు, ప్రారంభంలోని ఆలస్యం. మామూలుగా కొన్ని సెకన్లలో సిద్ధమయ్యే వర్చువల్ పరికరం కొన్ని రోజుల్లో నిమిషం దాటినా లేచేది కాదు. పరికరం పూర్తిగా లేచిందనడానికి ఆండ్రాయిడ్‌లో ‘సిస్.బూట్_కంప్లీటెడ్’ అనే గుర్తు ఉంటుంది. దాని విలువ 1 అయ్యేవరకు మా పరీక్షల ప్రోగ్రాము ఎదురుచూస్తుంది. మేమిచ్చిన గడువు దాటితే విఫలమని రాసి వదిలేస్తుంది. అలా విఫలమైన ఉదయాల్లో ముందు యాప్‌ను అనుమానించాం, తర్వాత సిస్టమ్ ఇమేజ్‌ను (ఎమ్యులేటర్ నడిపే ఆండ్రాయిడ్ ప్రతిని), ఆ తర్వాత సర్వరు డిస్కును. గడువును రెట్టింపు చేసి కొన్నాళ్లు సమాధానపడ్డాం కూడా. గడువు పెంచడం వల్ల ఎర్ర గుర్తులు తగ్గాయి గానీ కారణం అలాగే ఉండిపోయింది. అసలు తప్పు అప్పుడే చేశామని ఇప్పుడు అనిపిస్తుంది.

దారి చూపింది ఎమ్యులేటర్ లాగ్, అంటే అది ఏం చేసిందో రాసుకునే ఫైలు. ఆలస్యమైన ప్రతి ఉదయమూ అందులో ఒకే మాట కనిపించింది: స్నాప్‌షాట్‌ను (పరికరం స్థితిని దాచిన ప్రతిని) తెరవలేకపోయి, కోల్డ్ బూట్‌కు వెళ్లింది. అంటే పరికరం పాడవలేదు. నిన్నటి స్థితినుంచి లేవాల్సింది పోయి, బ్యాటరీ తీసి పెట్టిన ఫోనులాగా మొదటినుంచి లేస్తోంది. వర్చువల్ పరికరం ఫోల్డరులో ‘డిఫాల్ట్_బూట్’ అనే స్నాప్‌షాట్ ఉంటుంది. అందులోని ఫైళ్లకు చివరిసారి మార్పు జరిగిన సమయం చూశాను. మా స్క్రిప్టు నడిచిన క్షణానికీ దానికీ మధ్య ఉన్నది సరిగ్గా ఆ అయిదు సెకన్లు. రాత్రి ఎమ్యులేటర్ తన స్థితిని డిస్కు మీద రాసుకుంటూ ఉండగా, రాత మధ్యలో మేమే దాన్ని చంపుతున్నాం.

ఇక్కడ కొంచెం నేపథ్యం అవసరం. క్విక్ బూట్ అనే సదుపాయం 2017 డిసెంబరులో, ఎమ్యులేటర్ 27.0.2తో వచ్చింది. అది ఉన్నప్పుడు ఎమ్యులేటర్‌ను మూయడమంటే ఆర్పడం మాత్రమే కాదు. మూసే ముందు పరికరం మెమరీని, స్థితిని స్నాప్‌షాట్‌గా దాచుకుంటుంది, తర్వాతిసారి అక్కడినుంచే లేస్తుంది. పరికరానికి కేటాయించిన మెమరీ ఎంత ఎక్కువైతే రాయాల్సింది అంత పెరుగుతుంది. నాలుగు పరికరాలు ఒకేసారి మూసుకుంటే నాలుగూ ఒకే డిస్కు కోసం పోటీపడతాయి. అయిదు సెకన్లు ఒక్కోసారి చాలాయి, ఒక్కోసారి చాలలేదు. అందుకే ఈ లోపం రోజూ రాలేదు. రోజూ వచ్చి ఉంటే మొదటి వారంలోనే పట్టుకునేవాళ్లం.

‘సరే’ అన్న జవాబుకు అర్థం

మరి ‘ఎము కిల్’ ఆదేశం విజయవంతమైందని ఎందుకు చెప్పింది? ప్రతి ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌కూ రెండు పోర్టులు, అంటే బయటి ప్రోగ్రాములు దానితో మాట్లాడే నంబరున్న ద్వారాలు, ఉంటాయి. సరిసంఖ్య పోర్టు కన్సోల్‌కు (ఎమ్యులేటర్‌కు నేరుగా ఆదేశాలిచ్చే చోటు), దాని పక్కనున్న బేసిసంఖ్య పోర్టు ఏడీబీకి. మొదటి ఎమ్యులేటర్‌కు 5554, 5555; రెండోదానికి 5556, 5557. జాబితాలో కనిపించే ‘ఎమ్యులేటర్-5554’ అనే పేరులోని అంకె ఈ కన్సోల్ పోర్టే. ‘ఎము కిల్’ చేసేది ఆ కన్సోల్‌కు వెళ్లి ‘కిల్’ అని చెప్పడమే. కన్సోల్ సరే అంటుంది. ఆ ‘సరే’కు ‘ఆదేశం అందింది’ అని మాత్రమే అర్థం. ‘ముగిసింది’ అని కాదు. మేము రెండో అర్థం తీసుకున్నాం. ఆ పొరపాటు తెలిసినప్పుడు నాకు బాధ కలిగింది, ఎందుకంటే ఇది కొత్త విషయం కాదు. పని అప్పగించడానికీ, పని పూర్తికావడానికీ తేడా ఉందని మా ప్రోగ్రాములో మిగతా అన్నిచోట్లా జాగ్రత్తగా రాస్తాం. ఇక్కడ మాత్రం రాయలేదు.

దీని వెంటే ఇంకొకటి బయటపడింది. వారాంతాల్లో రాత్రి శుభ్రపరిచే పని వేరొక యూజర్ ఖాతా కింద నడిచేది. ఎమ్యులేటర్ కన్సోల్ ఎవరు పడితే వారు చెప్పిన మాట వినదు. ఎమ్యులేటర్‌ను నడిపే ఖాతా హోమ్ ఫోల్డరులో ‘ఎమ్యులేటర్_కన్సోల్_ఆథ్_టోకెన్’ అనే దాపుడు ఫైలు ఉంటుంది. అందులోని టోకెన్ (రహస్య గుర్తు) చెప్పాకే కన్సోల్ ‘కిల్’ లాంటి ఆదేశాలను ఒప్పుకుంటుంది. ఏడీబీ ఆ టోకెన్‌ను తాను నడుస్తున్న ఖాతా హోమ్ ఫోల్డరునుంచి తీసుకుంటుంది. ఖాతాలు వేరైతే టోకెన్ వేరు, ఆదేశం చెల్లదు. అంటే వారాంతాల్లో, ఆ వేరే ఖాతా పనిచేసే రోజుల్లో, మా మొదటి అడుగు అసలు జరగనే లేదు. నేరుగా అయిదు సెకన్లు ఆగి చంపేయడమే జరిగింది. ఆదేశం ఇచ్చిన జవాబును స్క్రిప్టు చదివేది కాదు కాబట్టి మాకు తెలియలేదు.

నా పరికరాన్ని ఎవరు ఆపారు?

మూడో తప్పు వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలచివేసింది. మా జట్టులో చేత్తో పరీక్షలు చేసే సహోద్యోగి ఒకరోజు అదే సర్వరు మీద తన ఎమ్యులేటర్‌ను తెరిచి, ఒక అరుదైన లోపాన్ని పునరావృతం చేయడానికి గంటకు పైగా శ్రమించారు. భాష మార్చి, సమయ మండలం మార్చి, పాత వెర్షన్ యాప్ వేసి, దానిమీద కొత్తది వేసి, చివరికి లోపం తెరమీద కనిపించే స్థితికి తెచ్చారు. సరిగ్గా అప్పుడు పరీక్షల పని ముగిసి, మా స్క్రిప్టు నడిచింది. పేరులో ‘క్యూఎము’ ఉన్నవన్నీ పోయాయి. ఆమెదీ పోయింది. “నా పరికరాన్ని ఎవరు ఆపారండీ?” అని ఆమె అడిగినప్పుడు, “స్క్రిప్టు” అన్నాను. అది జవాబు కాదని అంటున్నప్పుడే తెలుసు. ఆ లోపం మళ్లీ కనిపించడానికి ఆమెకు మరుసటి రోజంతా పట్టింది.

పేరునుబట్టి ప్రాసెస్‌ను చంపడం ఎంత తేలికో అంత ప్రమాదం. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ క్యూఎము మీద కట్టినది. సర్వరు మీద వేరే అవసరానికి నడుస్తున్న మామూలు వర్చువల్ యంత్రం పేరు కూడా అలాగే మొదలవుతుంది. కాబట్టి సాధనానికి మొదటి నియమం ఆ సాయంత్రమే రాసుకున్నాం: మేము ప్రారంభించనిదాన్ని మేము ఆపం. మిగతా నిర్మాణమంతా ఆ నియమంనుంచి వచ్చిందే.

సాధనం ఎలా పనిచేస్తుంది

నియమం పాటించాలంటే ఏది మనదో తెలియాలి. అందుకే ఆపే సాధనం రాయబోయి ముందు ప్రారంభించే భాగాన్ని మార్చాల్సి వచ్చింది. ఎమ్యులేటర్‌ను లేపినప్పుడే ఒక చిన్న రికార్డు రాస్తాం: వర్చువల్ పరికరం పేరు, కన్సోల్ పోర్టు, ప్రాసెస్ సంఖ్య, ఆ ప్రాసెస్ ప్రారంభమైన సమయం. చివరిది ఎందుకంటే, లైనక్స్ (మా సర్వరు ఆపరేటింగ్ సిస్టమ్) ప్రాసెస్ సంఖ్యలను మళ్లీ వాడుకుంటుంది. నిన్న ఎమ్యులేటర్‌కు ఉన్న సంఖ్య ఈరోజు డేటాబేస్ సర్వరుకు ఉండవచ్చు. ప్రాక్ ఫోల్డరులో ప్రతి ప్రాసెస్‌కూ ఉండే స్టాట్ ఫైలులో 22వ అంశం ప్రారంభ సమయం. సంఖ్య, సమయం రెండూ కలిస్తేనే అది మనది.

ఎమ్యులేటర్ కూడా తన గురించి తాను ఒక చీటీ రాసుకుంటుంది. లైనక్స్‌లో యూజర్ రన్‌టైమ్ ఫోల్డరు కింద ‘ఏవీడీ/రన్నింగ్’ అనే చోట, ప్రాసెస్ సంఖ్య పేరుతో ఒక ఐఎన్ఐ ఫైలు ఉంటుంది. అందులో కన్సోల్ పోర్టు, ఏడీబీ పోర్టు, పరికరం పేరు ఉంటాయి. మా రికార్డును దీనితో పోల్చి చూస్తాం. రెండూ ఒప్పుకోకపోతే సాధనం ఏమీ చేయకుండా ఆగి, ఎందుకు ఆగిందో చెబుతుంది. ఏడీబీ జాబితా మీద ఆధారపడకపోవడానికి కారణం ఉంది. ఏడీబీ సర్వరు 5555నుంచి 5585వరకు ఉన్న బేసి పోర్టుల్లోనే ఎమ్యులేటర్ల కోసం వెతుకుతుంది, అంటే మొదటి 16 వరకే. పైగా పరికరం చిక్కుకుపోయి ‘ఆఫ్‌లైన్’ అయితే జాబితాలో ఉన్నా మాట వినదు. జాబితాలోంచి పోయినంత మాత్రాన ప్రాసెస్ పోయినట్టూ కాదు. జాబితా చెప్పేది ఏడీబీ ఆ పరికరంతో మాట్లాడగలదా అన్నది మాత్రమే.

ఇక ఆపడం. ముందు పరీక్షల ఫలితాలు, తెర చిత్రాలు బయటకు వచ్చాయో లేదో చూస్తాం. ఇది సాధనం పని కాదని మొదట వాదించాను. కానీ పరికరం పోయాక వాటిని తెచ్చుకునే దారి లేదు, కాబట్టి ఒప్పుకున్నాను. తర్వాత సరైన ఖాతా కిందే ‘కిల్’ పంపి, వచ్చిన జవాబు చదువుతాం. అక్కడినుంచి గడియారాన్ని కాకుండా ప్రాసెస్‌ను చూస్తాం. అది పోతే పని అయింది. పోకపోతే స్నాప్‌షాట్ ఫోల్డరులోని ఫైళ్లు ఇంకా మారుతున్నాయా అని చూస్తాం. మారుతున్నంతసేపు గడువు పొడిగిస్తాం, గరిష్ఠంగా మూడు నిమిషాలు. రాత ఆగిపోయి కూడా ప్రాసెస్ మిగిలే ఉంటే 15వ నంబరు సిగ్నల్, అంటే ‘సర్దుకుని వెళ్లు’ అన్న సూచన. దానికీ స్పందన లేకపోతేనే 9. ఆ సిగ్నల్‌ను ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు, సర్దుకునే అవకాశమూ దానికి దక్కదు.

9 వాడాల్సి వచ్చినప్పుడు సాధనం ఇంకొక పని చేస్తుంది. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఆ పరికరం రికార్డులో ‘స్నాప్‌షాట్ నమ్మదగినది కాదు’ అని రాసిపెడుతుంది. మరుసటిసారి ప్రారంభించే భాగం ఆ మాట చదివి, స్నాప్‌షాట్ తెరవకుండా కోల్డ్ బూట్ చేయమని ముందే చెబుతుంది, పరీక్షలకు ఎక్కువ గడువు ఇస్తుంది. రాత్రి జరిగిన కఠినమైన ముగింపు ఉదయానికి అంతుచిక్కని ఆలస్యంగా మారదు. ఎందుకు ఆలస్యమైందో లాగ్‌లోనే రాసి ఉంటుంది.

లాక్ ఫైళ్ల విషయంలో మాత్రం కటువుగా ఉన్నాం. బలవంతంగా చంపిన ఎమ్యులేటర్ తన పరికరం ఫోల్డరులో ‘.లాక్’తో ముగిసే ఫైళ్లను వదిలివెళ్లవచ్చు. అప్పుడు అదే పరికరాన్ని మళ్లీ తెరవబోతే, అది ఇప్పటికే నడుస్తోందనీ, ఒకే పరికరాన్ని రెండుచోట్ల తెరవాలంటే ‘రీడ్-ఓన్లీ’ వాడాలనీ సందేశం వస్తుంది. చాలామంది ఇచ్చే సలహా ఆ లాక్ ఫైళ్లను తీసేయమని. తీసేయవచ్చు, కానీ ఆ పరికరాన్ని వాడుతున్న ప్రాసెస్ ఏదీ బతికి లేదని నిర్ధారించుకున్నాకే. బతికున్న ఎమ్యులేటర్ లాక్ తీసేసి రెండోదాన్ని అదే డిస్కు మీద తెరిస్తే, పాడయ్యేది స్నాప్‌షాట్ ఒక్కటే కాదు, డేటా ఇమేజ్ కూడా.

లోపలి ఆండ్రాయిడ్‌నే పద్ధతిగా ఆర్పమని చెబితే సరిపోదా అని ఒకరు అడిగారు. ఏడీబీ షెల్‌నుంచి ‘రీబూట్ -పీ’ ఇస్తే పరికరం తనంత తానే మూతపడుతుంది, ఫైల్ సిస్టమ్‌కు అదే మేలైన ముగింపు. కానీ అందుకు లోపలి వ్యవస్థ ఆరోగ్యంగా ఉండాలి. మేము ఆపలేక తంటాలు పడేది చిక్కుకుపోయిన పరికరాలనే. అందుకని డేటా నిలిపి ఉంచాల్సిన ఒక్క పరికరానికి మాత్రం ముందు ఈ దారి ప్రయత్నిస్తాం. ఏడీబీ సర్వరునే ఆపేద్దామన్న సూచనను వెంటనే తోసిపుచ్చాను. 5037 పోర్టులోని ఆ సర్వరు ఆగితే ఎమ్యులేటర్లు ఆగవు, అందరి సంబంధాలూ తెగుతాయి.

రాశాక బయటపడినవి

మొదటి వెర్షన్ పెట్టిన రెండో రోజే సాధనం మూడు నిమిషాలూ ఎదురుచూసి, 15 పంపి, 9 పంపి, అయినా ప్రాసెస్ చావలేదని ఫిర్యాదు చేసింది. 9తో చావని ప్రాసెస్ ఏమిటి? చూస్తే అది అప్పటికే ముగిసింది. మా పరీక్షలు కంటైనర్‌లో, అంటే సర్వరులోనే వేరుచేసిన ఆవరణలో, నడుస్తాయి. అందులో 1వ ప్రాసెస్‌గా ఉన్న మా ప్రోగ్రాము ముగిసిన పిల్ల ప్రాసెస్‌ల ఫలితాన్ని తీసుకోవడం లేదు. అందువల్ల ఎమ్యులేటర్ ‘జాంబీ’గా ప్రాసెస్ పట్టికలో మిగిలిపోయింది. ఒక ప్రాసెస్ ఉందా అని తెలుసుకోవడానికి అందరూ వాడే 0 సిగ్నల్ పరీక్ష జాంబీకి కూడా ‘ఉంది’ అనే చెబుతుంది. దాన్ని వదిలేసి లైనక్స్ 5.3నుంచి ఉన్న పిడ్‌ఎఫ్‌డీకి మారాం. ప్రాసెస్‌ను ఒక ఫైలులా తెరిచి పట్టుకుంటే, అది ముగియగానే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) మనకు చెబుతుంది, జాంబీ అయినా సరే. ప్రాసెస్ సంఖ్య వేరొకరికి వెళ్లే ప్రమాదం కూడా దీనితో తగ్గింది. ముగిసిన పిల్ల ప్రాసెస్‌ల ఫలితాన్ని తీసుకునే సరైన ఇనిట్ ప్రోగ్రామును (1వ ప్రాసెస్‌ను) కూడా కంటైనర్‌కు పెట్టాం.

రెండోది ఇంకా విచిత్రం. ఎమ్యులేటర్ ఆగింది, సాధనం విజయమని చెప్పింది, కానీ పరీక్షల పని మాత్రం ముగియలేదు. గంటల తరబడి ‘నడుస్తోంది’ అనే చూపించింది. ఎమ్యులేటర్ తనతోపాటు కొన్ని సహాయక ప్రాసెస్‌లను లేపుతుంది. ప్రమాదవశాత్తు కూలిపోతే నివేదిక రాయడానికి ‘క్రాష్‌ప్యాడ్ హ్యాండ్లర్’ అందులో ఒకటి. ఎమ్యులేటర్ పోయాక అది మిగిలిపోయింది. ఎమ్యులేటర్‌నుంచి వారసత్వంగా వచ్చిన అవుట్‌పుట్ పైపును (ఒక ప్రోగ్రాము రాత మరోదానికి చేరే దారిని) తెరిచే పట్టుకుంది. ఆ పైపు మూసుకునేదాకా పరీక్షల సర్వరు ఎదురుచూస్తూనే ఉంది. మా దిద్దుబాటు సులువైనదే: ఎమ్యులేటర్ అవుట్‌పుట్‌ను పైపుకు కాకుండా ఫైలుకు పంపడం.

ప్రాసెస్ గుంపు మొత్తాన్ని ఒకేసారి చంపేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. నేను వద్దన్నాను. కొత్త ఎమ్యులేటర్లతో ‘నెట్‌సిమ్‌డీ’ అనే ప్రాసెస్ కూడా లేస్తుంది. బ్లూటూత్, వైఫై లాంటి రేడియో సంబంధాలను అనుకరించేది అదే, దాన్ని పక్కపక్కన నడుస్తున్న ఎమ్యులేటర్లు పంచుకుంటాయి. మొదట లేచిన ఎమ్యులేటర్ గుంపుతోపాటు దాన్నీ చంపితే మిగతావాటి కాళ్లు విరిచినట్టే. సహోద్యోగి పరికరం విషయంలో చేసిన తప్పునే మరో రూపంలో మళ్లీ చేసినవాళ్లం అవుతాం.

సాధనం కన్నా ముందు చేయాల్సింది

ఇదంతా అయ్యాక ఒక ప్రశ్న మిగిలింది. రాత్రి పరీక్షల పరికరాలు తమ స్థితిని దాచుకోవాల్సిన అవసరం అసలు ఉందా? పరీక్ష ప్రతిసారీ ఒకే స్థితినుంచి మొదలవాలి. నిన్నటి పరీక్షలు వదిలిన చెత్తనుంచి ఈరోజు పరీక్ష లేవడం మంచిది కాదు. నాలుగింటిలో మూడు పరికరాలకు ఒక శుభ్రమైన స్నాప్‌షాట్‌ను ఒకసారి జాగ్రత్తగా తయారుచేసి, ఆ తర్వాత ‘నో-స్నాప్‌షాట్-సేవ్’తో నడపడం మొదలుపెట్టాం. ఇప్పుడవి మూసేటప్పుడు ఏమీ రాయవు, వెంటనే ఆగుతాయి. సాధనం ఎదురుచూసేది నాలుగోదాని కోసమే. మా బాధలో సగం ఈ ఒక్క మార్పుతోనే తీరేదని తెలిసి కూడా సాధనం రాసినందుకు చింతించడం లేదు. ఎందుకు ఆలస్యమవుతోందో అర్థమయ్యాకే ఈ మార్పు మా బుర్రకు తట్టింది.

ఐఓఎస్ వైపు ఈ సాధనాన్ని తీసుకెళ్లలేదు. అక్కడుండేది సిమ్యులేటర్, పూర్తి యంత్రాన్ని అనుకరించదు, యాప్ మాక్ కెర్నెల్ మీదే నడుస్తుంది. దాన్ని ఆపడానికి సిమ్‌సీటీఎల్ (simctl) అనే యాపిల్ సాధనంలో ‘షట్‌డౌన్’ ఉంది. అక్కడ కూడా ‘అన్నిటినీ ఆపు’ బదులు పరికరం గుర్తింపు సంఖ్యతోనే ఆపుతున్నాం.

మిగిలిన పని సర్వరు రీబూట్. లైనక్స్‌లో సర్వీసులను నడిపి, ఆపే సిస్టమ్‌డీ, ఆపేటప్పుడు ప్రతి సర్వీసుకూ మామూలుగా 90 సెకన్లే ఇస్తుంది, తర్వాత అదే చంపేస్తుంది. స్నాప్‌షాట్ దాచుకునే ఆ నాలుగో పరికరానికి అది చాలకపోవచ్చు. దాన్ని ఒక సర్వీసుగా మార్చి, ఆపే ఆదేశంగా మా సాధనాన్నే ఇచ్చి, గడువును 200 సెకన్లకు పెంచే మార్పు ప్రస్తుతం సమీక్షలో ఉంది.

గత వారం ఆ సహోద్యోగి రాత్రి పొద్దుపోయేదాకా తన ఎమ్యులేటర్ మీద పనిచేశారు. మధ్యలో పరీక్షలు ముగిసి సాధనం నడిచింది. ఉదయం లాగ్ తెరిచాను. మొదటి నాలుగు వరుసల్లో మా నాలుగు పరికరాలు, ఒక్కోటి ఎంతసేపట్లో ఆగిందో ఉంది. అయిదో వరుసలో ఇలా ఉంది: ‘ఎమ్యులేటర్-5562: మేము ప్రారంభించింది కాదు, ముట్టుకోలేదు.’